తిట్టు వెనక పని

ఎల్లారెడ్డిలో కొంతకాలం, కామారెడ్డిలో కొంతకాలం తెలుగు పాఠం చెప్పి రిటైరయిన వాణ్ని. డీఎస్సీలో కొత్తగా కొలువొచ్చిన పిల్లలు ఇప్పటికీ ఇంటికొస్తుంటారు. మంచీచెడ్డా మాట్లాడుకున్నాక వాళ్లలో ఒకరైనా ఈ సంగతి ఎత్తుతారు: "సార్, పాత పుస్తకాలల్ల కులం పేరు పెట్టి తిట్టే మాటలుంటయి గదా. క్లాసుల అవి చదవాల్నా, దాటేయాల్నా?"

అమెరికాలో హకల్‌బెరీ ఫిన్ నవల మీద నడుస్తున్న పంచాయితీ కూడా అచ్చం ఇదే. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు తేల్చుకోలేని దాన్ని ఎల్లారెడ్డి పంతులు తేలుస్తాడా అని నవ్వుకోకండి. నేను జీతగాని కొడుకుని. మా నాయిన ఎల్లారెడ్డి దిక్కు ఒక ఊళ్లో ఆసామి ఇంట్లో జీతమున్నాడు. ఈ ప్రశ్న నాకు సాహిత్య చర్చ కావడానికి ముందే ఇంటి సంగతి. అనుభవంలో తెలిసిన నాలుగు ముక్కలు నంబర్లు వేసి రాస్తున్నాను. పెద్దవి పెద్దగా, చిన్నవి చిన్నగా ఉంటాయి.

1. తిట్టు కనబడితే, ఆ తిట్టుతో ఏ పని చేయించుకున్నారో వెతకాలి.

నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది. నిజాం రాజ్యంలో వెట్టి అంటే ఏమిటో పుస్తకాల్లో చదివే ఉంటారు. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, మోటకు తోలు బొక్కెన కుట్టాలి, డప్పు కొట్టాలి. రెవెన్యూ అధికారి గిర్దావర్ ఊళ్లో దిగితే కట్టెల నుంచి కోడి దాకా అందరూ మోసుకుపోయి ఇయ్యాలి. వీటికి తోడు భగేలా. పెండ్లికో, కరువులో గింజలకో చేసిన అప్పు తీరేదాకా మనిషి ఆసామి ఇంట్లో పని చేయాలి. అప్పు తీరదు. తండ్రి పోతే కొడుకు మీదికొస్తుంది. 1936లో నిజాం సర్కారు భగేలా ఒప్పందాల మీద ఒక చట్టం తెచ్చింది. దేశమంతటికీ వర్తించేలా వెట్టిచాకిరీ రద్దు కావడానికి 1975 అక్టోబర్ ఆర్డినెన్సు, 1976 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ నడుమ నలభై ఏండ్లలో మా నాయిన పుట్టాడు, పెరిగాడు, నడుము వంగిపోయాడు.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు నిండుగా ఉండేది. ఊళ్లో ఎవరూ దాన్ని నిండుగా పిలవలేదు. సగం కోసి చివర 'గాడు' తగిలించేవారు. తెల్లారకముందే కొట్టంలో పెండ తీయాలి, ఎడ్లకు నీళ్లు పెట్టాలి, మోట తోలాలి. ఆసామి కొడుకు పదేండ్ల పిలగాడు, వాడు కూడా 'ఏమ్‌రా' అనేవాడు. నాయిన ఆ పిలగానికి 'బాంచెన్ దొరా' అని బదులిచ్చేవాడు. నేను అరుగు కింద నిలబడి విన్నాను.

తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాక అర్థమైంది. 'గారు' అని పిలిచిన మనిషిని నడిరాత్రి లేపి చేనుకు నీళ్లు పెట్టమని పంపడం కష్టం. పంపినా కూలి ఎగ్గొట్టడం ఇంకా కష్టం. కూలి ఎగ్గొట్టాలంటే ముందు పేరు కోయాలి. తిట్టు అనేది నోటి దురుసు మాత్రమే అనుకునేవాళ్లు, నోళ్లు కడిగితే సరిపోతుందనుకుంటారు. ఆ మాటకు లెక్కల పద్దు ఉంది. అమెరికాలో బానిసలు పనిచేసిన వర్జీనియా పొగాకు తోటలైనా, మిసిసిపీ పత్తి చేలైనా, మా దిక్కు చెరుకు తోటలైనా ఆ పద్దు ఒకటే.

దీనికి రుజువు నేను కండ్లారా చూశాను. మా పక్కనున్న సిరిసిల్ల, జగిత్యాల తాలూకాల్లో జీతగాండ్లు, కూలీలు సంఘాలు కట్టారు. 1978లో ప్రభుత్వం ఆ తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ గాలి మెల్లగా మా దిక్కూ వచ్చింది. జీతం ఎంత, ఏడాదికి ఎన్ని గొంగళ్లు, ఎన్ని జతల చెప్పులు అని జీతగాండ్లు ముందే మాట్లాడుకోవడం మొదలైంది. అది మొదలైన ఏడాది నుంచే మా ఊళ్లో 'గాడు' పోయి 'అన్న' వచ్చింది. ఎవరూ సంస్కార పాఠం చెప్పలేదు. కూలి మారింది, పిలుపు మారింది.

2. ఆ మాట ఎవరి నోట ఉందో, రాసినవాడు ఎటు నిలబడ్డాడో చూడాలి.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారి మాలపల్లి పేరులోనే కులం ఉంది. లోపల కులం పేరుతో తిట్లూ ఉన్నాయి. 1922లో జైల్లో కూర్చుని రాసిన నవల అది. కూలి గింజల్లో ఇయ్యాలా, పైసల్లో ఇయ్యాలా అన్న తగాదా అందులో ఉంది. సంగదాసు ఆసామి చౌదరయ్య కొట్టిన దెబ్బకు చచ్చిపోతాడు. ఆ చావుకు ముందు నడిచిన మాటలన్నీ మర్యాదగా మారిస్తే, ఆ దెబ్బ ఎక్కణ్నుంచి వచ్చి పడిందో చదివే పిల్లవానికి అర్థం కాదు.

వట్టికోట ఆళ్వారుస్వామి గారి ప్రజల మనిషి మాకు ఇంకా దగ్గర. 1955లో వచ్చింది. కథ జరిగేది మా నిజామాబాద్ ప్రాంతంలోనే. నిజామాబాద్ జైల్లో దాశరథి కృష్ణమాచార్యులతో కలిసి ఉన్న మనిషి ఆయన, హోటల్లో పని చేసి చదువుకున్న మనిషి. దొర నోట ఒక మాట పెడితే అది దొరను పట్టిచ్చే సాక్ష్యంగా పెట్టాడు. అదే మాట కొన్ని పాత నాటకాల్లో, సినిమాల్లో జనాన్ని నవ్వించడానికి వస్తుంది. అక్కడ రాసినవాడే దొర పక్కన కూర్చుని నవ్వుతున్నాడు. రెంటినీ ఒక్క గాటన కట్టేవాళ్లు ఇద్దరిలో ఒకణ్ని కూడా సరిగ్గా చదవలేదని నా లెక్క.

3. పొగిడే చోట కూడా దూరం కొలవాలి.

ఆముక్తమాల్యదలోని మాలదాసరి కథ తెలుగు పంతుళ్లందరికీ ఇష్టం. శ్రీకృష్ణదేవరాయలు ఆ భక్తుణ్ని ఎంతో గౌరవంగా చిత్రించాడు, కాదనను. తినేస్తానని పట్టుకున్న బ్రహ్మరాక్షసుడికి మాటిచ్చి, గుడికి పోయి పాట పాడి, చావుకు సిద్ధపడి తిరిగొచ్చిన మనిషి. సత్యం గురించి, భక్తి గురించి ఎన్ని ప్రశ్నలైనా అడుగుతాం. ఆయన గుడికి ఎంత దూరంలో నిలబడి పాడాడు, ఎందుకు నిలబడ్డాడు అని మాత్రం పరీక్షల్లో అడగరు. నేను అడిగేవాణ్ని. పిల్లలు మొదట ఒకరి మొగం ఒకరు చూసుకునేవారు. తర్వాత ఎవరో ఒకరు మెల్లగా, "మా అవ్వ కూడా గట్లనే బయటనే నిలవడ్తది సార్" అనేవారు. ఆ రోజుకు పాఠం అయిపోయినట్టే. తిట్టు లేని పద్యంలో కూడా బానిసత్వం ఎంత హాయిగా కూర్చుంటుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

4. కొట్టేసేవాళ్ల చేతిలో ఏముందో చూడాలి.

మార్క్ ట్వేన్ హకల్‌బెరీ ఫిన్ అమెరికాలో 1885లో అచ్చయింది. నండూరి రామమోహనరావు గారు తెలుగు చేశారు, మా తరం పిల్లలు చదివారు. ఇంగ్లీషు మూలంలో నల్లవాళ్లను తిట్టే మాట రెండు వందల సార్లకు పైగా వస్తుంది. 2011లో అలబామాలోని ఒక ప్రచురణ సంస్థ ఆ మాట తీసేసి 'బానిస' అని పెట్టి కొత్త ప్రతి వేసింది. బడుల్లో ఈ నవల చెప్పడం మానేస్తున్నారు, ఇట్లాగైనా చదువుతారు అన్నారు. వాళ్ల ఉద్దేశం చెడ్డదని నేననను. కానీ ఆ నవలలో హక్ తండ్రి తాగి ఒక నల్ల ప్రొఫెసర్ని తిట్టే చోటొకటి ఉంది. ఆ ప్రొఫెసరు ఒహాయో నుంచి వచ్చినవాడు, ఎన్నో భాషలు తెలిసినవాడు, సొంత రాష్ట్రంలో ఓటున్నవాడు. బానిస కానే కాడు. చదువు రాని తాగుబోతుకు కాలుతున్నది అందుకే. అక్కడ 'బానిస' అని పెడితే ఆ సన్నివేశానికి అర్థం ఏం మిగులుతుంది? అమెరికాలో బానిసత్వం 1865లో చట్టం ప్రకారం పోయింది. ఆ మాట పోలేదు. బానిసత్వం లేకపోయినా ఆ మాట ఎందుకు పనికొచ్చిందో చెప్పేదే ఆ నవల.

ఇక మన దగ్గర కొట్టివేతలు ఎవరు చేశారో చూడండి. మాలపల్లిని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1928లో కొన్ని మార్పులతో బయటికి రానిచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పాఠ్యగ్రంథంగా పెడితే 1936లో మళ్లీ నిషేధించింది. 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాకే ఆ నిషేధం పోయింది. ఆ దొరలకు అందులోని తిట్లతో ఏ ఇబ్బందీ లేదు. కూలీల సమ్మెతో ఇబ్బంది. ఈ సంగతి తెలిశాక, ఎవరు ఏ పేజీ తీసేయాలన్నా ముందు ఆ పేజీలో పని, కూలి, భూమి గురించి ఏమైనా ఉందేమో చూడటం నాకు అలవాటైంది.

5. క్లాసులో ఆ మాటను ఏ పిల్లవాని చేత చదివించకూడదు.

పుస్తకంలో మాట ఉండాలి అన్నంత మాత్రాన గొంతెత్తి చదివించాలని కాదు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. నేను చదువుకునే రోజుల్లో ఒక పంతులు, పేరు అక్కర్లేదు, అట్లాంటి వాక్యం రాగానే నా దిక్కు చూసి నన్నే లేపి చదవమనేవాడు. క్లాసంతా నా మొగం చూసేది. తర్వాత మూడు రోజులు ఆటలో అదే నా పేరు.

అందుకని నేను పంతులయ్యాక పద్ధతి ఇట్లా పెట్టుకున్నాను. ఆ పేజీ నేనే చదువుతాను. మాట దగ్గరికొచ్చాక పైకి పలకను. పుస్తకంలో అందరి ముందూ అచ్చులో ఉంది కదా, కంటితో చూస్తారు. తర్వాత మూడు ప్రశ్నలు బోర్డు మీద రాస్తాను: అన్నది ఎవరు? పడ్డది ఎవరు? ఆ పూట పడ్డవాడు చేసిన పని ఏమిటి, దానికి ఇచ్చింది ఎంత? జవాబు ముందు బెంచీల వాళ్లతో మొదలుపెట్టిస్తాను. ఆ కులపు పిల్లవాడు మాట్లాడాలనుకుంటే మాట్లాడతాడు. లేకుంటే ఊరుకుంటాడు. తన తాత బతుకు గురించి క్లాసుకు సాక్ష్యం చెప్పే బాధ్యత వాని నెత్తిన లేదు. ఎవడైనా ఆ మాట పట్టుకుని ఆటలో వాడితే, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం గురించి వాని తండ్రికి ఇంటికి పోయి చెప్పొచ్చేవాణ్ని. ఆ చెప్పడం బాగా పనిచేసేది.

6. సామెతలు జాగ్రత్త.

1868లో కెప్టెన్ కార్ అనే ఇంగ్లీషాయన తెలుగు సామెతల సంపుటం వేశాడు. అట్లాంటివి చూస్తే కులాన్ని ఎకసక్కెం చేసే సామెతలు ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. పరిశోధకునికి అవి కావాలి. స్టాఫ్ రూములో చాయ్ తాగుతూ వాడే పంతులుకు అక్కర్లేదు.

7. మనుషులను వాళ్లు పెట్టుకున్న పేరుతోనే పిలవాలి.

హైదరాబాదులో 1906లోనే జగన్ మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ పేరు మా పిల్లలకు తెలియకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది. 1917లో బెజవాడలో పంచముల (అంటరానివాళ్లని ముద్ర పడ్డవాళ్లకు అప్పటి పేరు) మహాసభ జరిగితే, అధ్యక్షుడిగా పోయి పంచములన్న పేరే వద్దన్నాడు. మేం ఈ నేలకు మొదటివాళ్లం అన్నాడు. అది ఆది ఆంధ్ర మహాసభ అయింది. వెట్టి మీద ఆయన రాసిన 'వెట్టి మాదిగ' కథ పేరులో ఆ కులం పేరును ఉంచాడు. సభకు పేరు మార్చినవాడే కథకు పాత పేరు ఎందుకు ఉంచాడో అడగండి. మనిషిని పిలవడానికి ఒకటి, అన్యాయాన్ని చూపడానికి ఒకటి. ఈ తేడా ఆయనకు వంద ఏండ్ల కిందటే తెలుసు.

8. ఆడవాళ్ల వెట్టి గురించి పుస్తకాలు గుసగుసగా చెప్తాయి. మనం గట్టిగా చెప్పాలి.

దాశరథి రంగాచార్య గారి చిల్లర దేవుళ్లు చదివితే ఆడబాప అంటే ఏమిటో తెలుస్తుంది. దొర బిడ్డ అత్తగారింటికి పోతుంటే బీరువాలు, మంచాలతో పాటు పంపే దాసి పిల్ల. ఆ ఇంట్లో ఆమె పనిమనిషి, ఆ ఇంటి మగవాళ్ల సొత్తు. పిల్లలు పుడితే వాళ్లూ దాసులే. అమెరికా తోటల కథలు చదివి అయ్యో అనుకునే మనం, మన గడీల కథలు ఇంకా రాచరికపు ముచ్చట్లలాగే చెప్పుకుంటున్నాం. దోమకొండ గడికోట చూపించడానికి పిల్లలను తీసుకుపోండి, బాగుంటుంది, చూడదగ్గదే. మరునాడు క్లాసులో చిల్లర దేవుళ్లు నుంచి ఒక అధ్యాయం చదవండి. ఏ గడీ అయినా పిల్లల కండ్లకు ఇంకో తీరుగా కనబడుతుంది.

దీనికి ఇంకో ముఖం జోగిని. పాత నిజామాబాద్ జిల్లాలో మాదిగ, మాల ఇండ్ల ఆడపిల్లలను దేవుని పేరు చెప్పి ఊరి పెద్దమనుషులకు అప్పజెప్పేవారు. ఊళ్లో ఉత్సవం వస్తే ఆమె ఆడాలి, పీనుగు లేస్తే ముందు నడవాలి. ఆమె పిల్లలు బడికొస్తే తండ్రి పేరు రాసే గడి దగ్గర పంతులు కలం ఆగిపోయేది. అట్లాంటి పిల్లలు నా దగ్గర చదివారు. జోగిని అన్న పిలుపే వాళ్లకు తిట్టు, ఆ తిట్టు మీదనే ఊరు నడిచేది.

వాళ్ల కోసం మా జిల్లాకు వచ్చిన మనిషి హేమలతా లవణం. వర్ని కేంద్రంగా సంస్కార్ సంస్థ తరఫున భర్త లవణం గారితో కలిసి ఊరూరూ తిరిగారు. జోగినులకు పెండ్లిళ్లు, చదువు, చేతిపని. 1988లో దేవదాసీ, జోగిని వ్యవస్థను నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఈ హేమలత గారు ఎవరు? గుర్రం జాషువా గారి బిడ్డ. కులం వల్ల గుడిలోకి పోలేని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపే కావ్యం జాషువా 1941లో రాశాడు. గబ్బిలం పాఠం చెప్పే ప్రతి పంతులూ మహాకవి బిరుదులు, సత్కారాలు చెప్తాడు. ఆయన బిడ్డ మన వర్నిలో ఏం చేసిందో చెప్పేవాళ్లను తక్కువమందిని చూశాను. పద్యం అర్థం కావాలంటే అది చెప్పాలి.

9. తిట్లు తిన్నవాళ్లం కూడా తిడతాం.

ఇది మావాళ్లకు చెప్పే మాట. గాంధారి, లింగంపేట దిక్కు తండాలెన్నో ఉన్నాయి. లంబాడీ పిల్లలు హాస్టలుకు వస్తే వాళ్ల యాసను ఎక్కిరించేది దొరల పిల్లలొక్కరే కాదు, మా వాడల పిల్లలు కూడా. ఎన్నో సంచార తెగలను పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసిన చట్టం 1952 దాకా ఉంది. ఆ ముద్ర సినిమా హాస్యంలో, ఊరి నోట్లో ఇంకా మిగిలింది. నా క్లాసులో ఒక పిల్లవాడు, నాలాగే జీతగాని మనుమడు, తండా పిల్లను ఒక మాటన్నాడు. "నీ తాతను ఏమని పిలిచేటోళ్లో ఇంటికి పోయి అడిగిరా బిడ్డా" అన్నాను. అడిగొచ్చాడు. ఆ పిల్ల దగ్గరికి పోయి ఏం మాట్లాడాడో నాకు తెలియదు, నేను అడగలేదు.

10. దూరదేశపు పుస్తకం చదివితే దగ్గరి బతుకు కనబడాలి.

మహారాష్ట్రలో జోతిబా ఫూలే 1873లో గులాంగిరీ రాసి, నల్లవాళ్ల బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. నల్లవాళ్ల బానిసత్వం, ఇక్కడి కుల బానిసత్వం ఒకటేనని మొదట పోల్చి చూసిన వాళ్లలో ఆయనొకడు. మా తరానికి ఆ పని చేసిన పుస్తకం ఏడు తరాలు. అలెక్స్ హేలీ రూట్స్‌ను సహవాసి గారు తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఎనభైల్లో కామారెడ్డిలో ఆ పుస్తకం ఒక చేతి నుంచి ఇంకో చేతికి అట్ట ఊడిపోయేదాకా తిరిగింది.

మా నాయినకు చదువు రాదు. రాత్రిపూట నేను చదువుతుంటే వినేవాడు. ఆఫ్రికా నుంచి కుంటా కింటేను పట్టుకొచ్చి, ఇక నీ పేరు టోబీ అని చెప్పే ఘట్టం వచ్చింది. నాయిన బీడీ ఆర్పి అన్నాడు: "వానికి పేరు మొత్తం మార్చిండ్రా? మాకైతే సగమే కోసిండ్రు." ఆపైన కాసేపాగి, "వాని కూలెంత?" అని అడిగాడు. సాహిత్య విమర్శ మీద నేను చదివిన పుస్తకాలన్నిటిలోనూ ఇంత సూటి ప్రశ్న నాకు తగల్లేదు.

11. చివరగా ఒక పని.

కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ డివిజన్ల ఊళ్లలో జీతమున్నవాళ్లు, వెట్టి చేసినవాళ్లు ఇంకా కొందరు బతికే ఉన్నారు. చాలామంది ఎనభై దాటినవాళ్లు. మీ బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు దసరా సెలవుల్లో ప్రాజెక్టు పని ఇయ్యాలనుకుంటే ఇది ఇయ్యండి: ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, తల్లిదండ్రులు పెట్టిన పేరు, ఊళ్లో పిలిచిన పేరు, చేసిన పని, ఎన్నేండ్లు చేశారు, ఏమిచ్చారు అని ఐదు గడులు గీసి రాసుకు రమ్మనండి. చెప్పడం ఇష్టం లేనివాళ్లను బలవంతపెట్టొద్దు. వాళ్లు చెప్పిన మాటలు, తిట్లతో సహా, చెప్పినట్టే రాయించండి. ఆ కాగితాలు బడి లైబ్రరీలో మాలపల్లి, ప్రజల మనిషి పక్కన పెట్టండి. ఆ రెండు పుస్తకాలు మీ లైబ్రరీలో లేకపోతే ముందు అవి తెప్పించండి.